ఒర్రెలో దిరిసెన మొద్దు

1955 ఫిబ్రవరి ఆరో తేదీ, ఆదివారం. ఆ పొద్దున తిన్నది జొన్న గటక, చింతకాయ తొక్కు. తొక్కు మీద నూనె లేదు. పోపు కూడా లేదు. బక్కమ్మ ఎండు మిరపకాయలను ఉట్టి పెంక మీద కాల్చి, నూరి కలిపింది. తేదీ గుర్తుండటానికి కారణం అదే. గానుగ ఆడించే ఇంట్లో నూనె లేని తొక్కు తినడం అంతకు ముందు మా ఊళ్లో ఎవరికీ జరగలేదు.

బక్కమ్మ భర్త సంగప్ప. బొంతపల్లికి దగ్గరగా ఉండే మా ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ ఒకటే గానుగ, సంగప్పది. నేను ఆ ఊరి బడిలో పంతులును. హైదరాబాదులో కాలేజీ చదువు అయ్యాక అక్కడికి వచ్చాను. నా భార్య పోయిన తర్వాత పొద్దుటి తిండి సంగప్ప ఇంట్లో ఏర్పాటైంది. ఏర్పాటు అంటే ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. దినాలు అయిపోయిన మర్నాడు బక్కమ్మ మా గడప దగ్గర నిలబడి, "పంతులూ, గటక సల్లారుతున్నది" అంది. ఎవరి గటక అని నేను అడగలేదు. వెళ్లి కూర్చున్నాను.

అంతకు ముందటి వానాకాలంలో సంగప్ప గానుగ రోలు పగిలింది. గానుగ రోలు అంటే నేలలో నిలువుగా పాతిన పెద్ద చెట్టు మొద్దు. నడుమ తొలిచి గింజలు పోస్తారు. అందులో రోకలి తిరుగుతుంది. రోకలికి కట్టిన దూలాన్ని ఎద్దు తిప్పుతుంది. సంగప్ప తాత పాతిన మొద్దు అది. పైనుంచి కిందిదాకా చీలి, గిన్నెలోకి రావలసిన నూనె నేలలోకి పోయింది. ఇనుప పట్టా వేశారు. పట్టా వేసిన చోటు వదిలిపెట్టి ఇంకోచోట చీలింది.

సంగారెడ్డిలో నూనె మిల్లు వచ్చి అప్పటికి ఏడాది. కుసుమలు ఇళ్లకు వచ్చే రోజులు దగ్గర పడుతున్నాయి. ఒక పంటకు మిల్లు దారి పట్టిన ఊరు మళ్లీ గానుగ వైపు చూడదని సంగప్పకు తెలుసు. మిల్లు గుమాస్తా మంచివాడే. శివరాత్రి దాటాక వస్తే బస్తాలు మోసే పని ఇస్తానని కబురు పంపాడు. అదే జరిగితే ఎద్దును సదాశివపేట సంతకు తోలాలి. సంగప్ప ఈ మాట ఎద్దు వినేలా ఎప్పుడూ అనలేదు. కొట్టం దాటి ఇవతలికి వచ్చి అనేవాడు.

కొత్త రోలుకు మొద్దు కావాలి. ఊళ్లో అంత లావు చెట్లు చింతచెట్లే. కాసే చింతచెట్టును ఎవరూ కొట్టనివ్వరు. గుమ్మడిదల దాటాక అడవిలో, ఒక ఒర్రెలో, అంటే వాన నీళ్లు కోసిన లోతైన వాగులో, పెద్ద దిరిసెన చెట్టు వరదకు కూలి పడి ఉందని సంగప్పే కనిపెట్టుకొచ్చాడు. నేను రేంజరు దగ్గరికి వెళ్లి అడిగాను. కాలేజీలో ఆయన నాకంటే ఒక ఏడు వెనక. అది ఆయనకు గుర్తు లేదు, గుర్తు చేయాల్సి వచ్చింది. శివరాత్రి దాకా తీసుకోవచ్చన్నాడు. ఆ తర్వాత అడవిలో ఆ తుకడా మొత్తం కట్టె గుత్తేదారుది, నిలబడ్డదైనా పడ్డదైనా.

సంగప్ప తన బావమరుదులతో వెళ్లి కొమ్మలు కొట్టేసి, మొదలు వైపు గానుగకు సరిపోయేంత మొద్దు కోసి పెట్టాడు. ఇద్దరు చేతులు చాచి కౌగలించుకున్నా వేళ్లు కలవని లావు. కోయడం వరకు కష్టం లేదు. ఒర్రె గట్టు ఇల్లెక్కినట్టు నిటారుగా ఉంది. గట్టు పైకి వస్తే బండి బాట. మొద్దు కింద ఉంది.

ఆ ఆదివారం గటక తిని అడవికి వెళ్లాం. సంగప్ప, నేను, పెద్దరాములు, ఆయన రెండు జతల ఎడ్లు, చూడటానికి వచ్చిన సగం ఊరు. పెద్దరాములుది ఊళ్లోకెల్లా పెద్ద బావి, రెండు మోటలు ఒకేసారి నడిచే బావి. ఆయన ఎడ్ల గురించి ఎవరైనా మంచిమాట చెబితే ఆయన దాన్ని సరిదిద్ది, ఇంకా మంచిమాట చేసి వాళ్లకే అప్పగించేవాడు.

బావి మీది గిరకను ఊడదీసి తెచ్చాడు. గట్టు మీది ఏగిస చెట్టుకు దాన్ని కట్టి, మోట మోకు దాని మీదుగా ఒర్రెలోకి దించి, మొద్దుకు బిగించాం.

"బాయిల నీళ్లు గుంజిన ఎడ్లు. కట్టె గుంజవా?" అన్నాడు పెద్దరాములు.

"నీళ్లు మధ్యల రాయికి తట్టుకోవు మామా," అన్నాడు సంగప్ప.

"నువ్వు కింద సూసుకో. పైన నేనున్న."

నా పని మొద్దు వెనక నడవడం. మొద్దు జానెడు పైకి జరిగినప్పుడల్లా వెనక్కి జారకుండా దాని కింద రాయి పెట్టాలి. చదువుకున్నవాడు జాగ్రత్తగా ఉంటాడని ఆ పని నాకిచ్చారు.

ఎడ్లు కదిలాయి. మోకు బిగిసింది. మొద్దు నిజంగానే జరిగింది. నేను రాయి పెట్టాను. మళ్లీ జరిగింది. మళ్లీ పెట్టాను. గట్టు సగం ఎక్కాక నా కాలికి తుమ్మముల్లు దిగింది. పక్కకు జరిగి ఒక రాతి మీద కూర్చుని ముల్లు తీసుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే మొద్దు నేను పెట్టిన రాళ్లన్నిటినీ తీసుకుని, నేను నిలబడ్డ చోటు మీదుగా, ఒర్రె అడుగుకు వెళ్లిపోయింది. అది ఆగాక కూడా ముల్లు నా చేతిలోనే ఉంది. దాన్ని పారేయబుద్ధి కాక కాసేపు అలాగే పట్టుకున్నాను.

పైన ఏం జరిగిందంటే, ఎడ్లు మోటబాట పొడుగెంతో అంత దూరం నడిచాయి. బావి దగ్గర ఆ చోటికి వచ్చేసరికి బొక్కెన పైకి వచ్చి నీళ్లు కుమ్మరిస్తుంది. అప్పుడు తోలేవాడు పగ్గం వదులు చేసి "రా, రా" అంటాడు. ఎడ్లు వెనక్కి నడుస్తాయి. ఇక్కడ కూడా నడిచాయి.

"ఎవడన్నడు ఎనుకకు రమ్మని?" అని పెద్దరాములు ఎడ్లను అడిగాడు.

"నువ్వే అంటివి మామా," అన్నాడు సంగప్ప, కిందినుంచి ఎక్కి వచ్చి.

"నేనెప్పుడన్న?"

"రా రా అంటివి. పగ్గం గూడ ఇడిస్తివి."

పెద్దరాములు కొంచెం ఆలోచించాడు. "అంటె అన్న. అంటె మాత్రం, ఇది బాయి కాదని వాటికి తెల్వదా?"

రెండోసారి ఆయన తువ్వాల నోట్లో కుక్కుకుని తోలాడు. ఎడ్లు అదే దూరం నడిచి, ఎవరూ ఏమీ అనకుండానే ఆగి, ఎంతో బుద్ధిగా వెనక్కి వచ్చాయి. ఈసారి నేను మొదటినుంచీ పక్కనే నిలబడ్డాను. మొద్దు కిందికి పోతూ మోకును తెంపుకుని పోయింది. ఊరు ఇంటికి మళ్లింది. పెద్దరాములు తువ్వాల నోట్లోంచి తీయకుండానే చాలా దూరం నడిచాడు.

ఆ రాత్రి సంగప్ప అన్నం ముందు కూర్చుని తినలేదని మర్నాడు బక్కమ్మ చెప్పింది. "సంత బుధవారమా, బేస్తారమా అని అడిగిండు," అంది. "'నాకేం ఎరుక' అన్న. ఎరుకే గని, అట్లన్న."

బడి అయ్యాక సంగప్పను వెంటబెట్టుకుని పటాన్‌చెరు వెళ్లాను. బొంబాయి సడక్ పక్కన బాబా మియా రేకుల కొట్టం ఉండేది. దారిలో చెడిన లారీలన్నీ అక్కడ ఆగేవి. బాగైనవి వెళ్లిపోయేవి. బాగుకానివి కొంత కొంతగా ఆ కొట్టంలో కలిసిపోయేవి. బాబా మియా సన్నటి మనిషి, తెల్ల గడ్డం, మాట తక్కువ. మేము చెప్పిందంతా ఒక లారీ కింద పడుకునే విన్నాడు. ఎడ్లు వెనక్కి నడిచిన సంగతి దగ్గర బయటికి వచ్చాడు.

"మళ్ల చెప్పు సాబ్ అది," అన్నాడు.

మళ్లీ చెప్పాను. నవ్వలేదు. లేచి వెళ్లి, కొట్టం వెనక గడ్డిలో పడి ఉన్న ఒక లారీ వెనక ఇరుసును కాలితో తట్టాడు. నడుమ కడవలా ఉబ్బిన ఇనుప బుర్ర, అటూ ఇటూ చక్రాలు బిగించే కొసలు.

"ఈ బుర్ర లోపల పండ్ల చక్రాలున్నయి. ఇటు శాన తిప్పితె అటు జెర తిరుగుతది. జెర తిరిగేదానికే బలం. దీన్ని భూమిల పాతి, మీద దూలం కడత. ఎద్దు తిరగాలె, ఇనుప తాడు చుట్టుకోవాలె, మొద్దు ఎక్కాలె. ఆలస్యం అయితది. కని ఎక్కుతది."

"కిరాయి ఎంత బాబా భాయ్?" అన్నాడు సంగప్ప.

"కిరాయేంది. లారీని గుంజే ఇరుసు కట్టెను గుంజుతదా లేదా, నాకు సూడాలె గద." ఆయన ఇరుసు మీది మట్టిని చేత్తో తుడిచాడు. "ఎద్దు మాత్రం తిరిగేది కావాలె. సీదా పోయేది వద్దు."

తిరిగే ఎద్దు అనగానే సంగప్ప నావైపు చూశాడు. ఆ తాలూకాలో తిరగడం తప్ప ఇంకేమీ చేయని ఎద్దు ఒకటే ఉంది. వానాకాలం నుంచి అది పని లేక కొట్టంలో నిలబడి ఉంది.

మరుసటి ఆదివారం దాన్ని అడవికి తోలుకెళ్లాం. సంగప్ప దాన్ని బస్వన్నా అని పిలిచేవాడు. గానుగ చుట్టూ తప్ప ఎక్కడా నడిచిన జీవం కాదు. బాట సాఫీగా ఉన్నా దారి పొడుగునా కుడిపక్కకు ఒరిగి నడిచింది. విడిచిపెడితే ప్రతి పొద చుట్టూ ఒకసారి తిరిగి ముందుకు వచ్చేది. సంగప్ప తొందర పెట్టలేదు. మేమూ పొదల దగ్గర ఆగి దాని కోసం చూశాం. మంచు ఇంకా ఆరలేదు, ఎండ వెచ్చగా వీపుకు తగులుతోంది. ఆగినందుకు ఎవరికీ బాధ లేదు.

బాబా మియా ముందు రోజే బండిమీద ఇరుసు తెచ్చి, గట్టు మీద గుంత తవ్వించి, బుర్ర పైకి ఉండేలా పాతించాడు. ఒక కొసకు ఇనుప తాడు చుట్టుకునే డోలు బిగించాడు. రెండో కొసను గొలుసుతో ఏగిస చెట్టుకు కట్టేశాడు.

"దాన్నెందుకు కట్టేసినవ్ మియా?" అన్నాడు పెద్దరాములు. తన ఎడ్లు లేకపోయినా ఆయన వచ్చాడు. తనకంటే గొప్పగా ఎవరైనా ఓడిపోతే చూడాలని వచ్చాడని నా అనుమానం.

"రెండు ఇడిస్తె ఒకటి ఊకె తిరుగుతది, ఒకటి పని జేయది. అన్నదమ్ముల లెక్క."

"నా ఎడ్లు తిరగవనుకున్నవా దీనికి?"

"ఎందుకు తిరగవు పటేల్ సాబ్. మళ్ల ఎనుకకు గూడ తిరుగుతయి."

తాడు ఎద్దు నడిచే దారిని దాటే చోట చిన్న కాలువ తీసి, పైన పలకలు పరిచాం. సంగప్ప ఎద్దు కళ్లకు గంతలు కట్టాడు. గంతలు పడగానే ఆ జీవం మొహంలో అడవి పోయింది. ఇల్లు చేరినట్టు నిలబడింది. దూలానికి కట్టాం. సంగప్ప అలవాటు ప్రకారం దూలం మీదెక్కి కూర్చుని, నాలుకతో చిన్న చప్పుడు చేశాడు.

ఎద్దు ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. ఆగింది.

సంగప్ప మళ్లీ అదిలించాడు. మళ్లీ రెండడుగులు. ఆగింది. తోక మెలిపెట్టాడు. తోక వదిలించుకుని ఆగింది. కట్టెతో తాకించాడు, కొట్టలేదు, తాకించాడు. ఎద్దు చెవులు రెండూ ముందుకు పెట్టి, ఎవరో చెప్పబోయే మాట కోసం చూస్తున్నట్టు నిలబడిపోయింది. బతిమాలాడు. దాని తల్లి పేరు చెప్పి బతిమాలాడు.

"కొత్త పెండ్లికొడుకు లెక్క నిలబడ్డడు," అన్నాడు పెద్దరాములు. ఆయన మొహం వారం తర్వాత మొదటిసారి తేటపడింది. "గంతలు ఇప్పి సూపియ్యి సంగప్పా. ఇది మీ ఇల్లు గాదని ఎరుకైతది."

"ఇనుము బరువున్నదేమో," అన్నాను నేను.

బాబా మియా దూలాన్ని ఒక వేలితో నెట్టాడు. అది కదిలింది. ఆయన ఆ ఇరుసు లోపల ఒక డబ్బా గ్రీజు కూరాడు. చప్పుడు చేసే ఇనుము ఆయన దృష్టిలో జబ్బు మనిషి. ఆ దూలం తిరుగుతుంటే పట్టుగుడ్డ మీద చెయ్యి రాసినంత చప్పుడు కూడా లేదు.

పొద్దెక్కింది. కింద మొద్దు అలాగే ఉంది. శివరాత్రికి ఇక వారమే. సంగప్ప దూలం దిగి, ఎద్దు ముందు నేలమీద కూర్చున్నాడు. దాని గిట్ట మీది మట్టిని గోటితో గీకుతూ ఉండిపోయాడు. పెద్దరాములు కూడా నవ్వడం మానేశాడు.

బక్కమ్మ సద్దిగంప నెత్తిన పెట్టుకుని అప్పుడే వచ్చింది. గంప దించకుండానే చూసింది.

"నడుస్తలేదా?" అంది.

"నడుస్తలేదు," అన్నాడు సంగప్ప.

"సప్పుడేది?"

"ఏం సప్పుడు?"

"గానుగ సప్పుడు." గంప దించింది. "నువ్వు గింజలు తీసెటప్పుడు సప్పుడు బందైతది. నేను ఇంట్ల నుంచి ఇని, పిండి పిసుకుడు ఆపి వస్త. ఎద్దు గూడ ఆగుతది. సప్పుడు లేకుంటె పని ఒడిసినట్టే గద. ఇది పని ఒడిసిందనుకుంటున్నది. తప్పేమున్నది?"

అందరం బాబా మియా వైపు చూశాం.

"బాబా భాయ్," అన్నాడు సంగప్ప మెల్లగా, "జెర గ్రీజు తీస్తవా?"

బాబా మియా ఇరుసుకూ మాకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"గుప్పెడు ఇసుక పోస్తె అయిపాయె," అన్నాడు పెద్దరాములు.

"ముందు నా మీద పొయ్యి," అన్నాడు బాబా మియా. "జిందగీ అంత సప్పుడు బంద్ జేయనీకె బతికిన. ఇగ ముసలితనంల సప్పుడు చెయ్యమంటె నాతోని కాదు. ఇరుసు తీస్కపోత."

ఆయన నిజంగానే తీసుకుపోయేవాడు. సంగప్ప లేచి మళ్లీ దూలం మీద కూర్చున్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత గొంతులోంచి, "కిర్ర్... కుయ్యో... కిర్ర్... కుయ్యో" అన్నాడు. రోలులో రోకలి రాసుకునే చప్పుడు. తాత కాలం నాటి మొద్దు పగలకముందు చేసిన చప్పుడు. నేను రోజూ పొద్దున గటక తింటూ విన్నదే. కళ్లు మూసుకుంటే నూనె వాసన వచ్చేది.

ఎద్దు ఎడమ చెవి వెనక్కి తిరిగింది. నడిచింది.

డోలు మీద తాడు ఒక చుట్టు పడింది. ఇంకో చుట్టు పడింది. కింద మొద్దు లేచి, మూలిగి, జానెడు జరిగింది. నేను రాయి తీసుకుని ఒర్రెలోకి దిగాను.

గానుగ చప్పుడు గొంతుతో చేయడం సులువు కాదు. కొంతసేపటికి సంగప్ప గొంతు ఎండింది. చప్పుడు ఆగింది. ఎద్దు ఆగింది. బక్కమ్మ అందుకుంది. ఎద్దు నడిచింది. ఆమెకు దగ్గు వచ్చింది. ఎద్దు ఆగింది. తర్వాత ఊరివాళ్లు ఒకరి తర్వాత ఒకరు ముందుకు వచ్చారు. ఎవరి చప్పుడు పనికొస్తుందో ఎవరిది పనికిరాదో ఎద్దే తేల్చేది. దానికి మొహమాటం లేదు. నన్ను కూడా పైకి పిలిచారు. నేను శక్తి కొద్దీ చేశాను. ఎద్దు ఆగి, కళ్లకు గంతలున్నా తల నా వైపు తిప్పింది.

"పంతులూ, మీది బడి సప్పుడు," అంది బక్కమ్మ. "మీరు రాళ్లే పెట్టున్రి."

మళ్లీ ఒర్రెలోకి దిగాను. నీడగా ఉంది. ఆ పని నాకు బాగానే వచ్చింది.

మధ్యాహ్నం దాటాక అందరి గొంతులూ అయిపోయాయి. మొద్దు ముప్పాతిక గట్టు ఎక్కి ఉంది. పెద్దరాములు ఒక్కడే మిగిలాడు. ఆయన అంతవరకు చెట్టుకు ఆనుకుని, ఇదంతా ఇంకెవరి ఊళ్లోనో జరుగుతున్నట్టు చూస్తున్నాడు.

"మామా," అన్నాడు సంగప్ప, బొంగురు గొంతుతో.

"నేను మోట తోలెటోన్ని. ఎద్దు లెక్క ఒర్లెటోన్ని కాదు."

"ఎద్దు లెక్క కాదు మామా. గానుగ లెక్క."

పెద్దరాములు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. దూలం వెనక్కి వచ్చి గొంతు సవరించాడు. ఆయన మోట తోలుతూ రోజంతా పాటలు పాడే మనిషి. ఆ గొంతులో బావి ఉంది. "కిర్ర్... కుయ్యో" అనేసరికి ఎద్దు ఆగకపోవడమే కాదు, కొంచెం జోరు పెంచింది. ఆయన ఆపలేదు. మొద్దు గట్టు అంచుకు వచ్చింది. అక్కడ ఒక వేరు అడ్డం పడి తాడు బిగిసి నిలిచింది. అలసిపోయినవాళ్లంతా మళ్లీ గొంతు కలిపారు. అందులో ఒక కొత్త గొంతు, సన్నటిది, కొంచెం వెనకబడి వినిపించింది. ఎవరిదా అని పైకి చూశాను. బాబా మియా మాకు వీపు పెట్టి, ఒర్రెకు అవతలి గుట్టను చూస్తూ నిలబడి ఉన్నాడు.

మొద్దు వేరు మీదుగా దొర్లి, గట్టు ఎక్కి, బండి బాట మీద పడింది. ఎవరూ కేక వేయలేదు. వేయడానికి ఎవరికీ గొంతు లేదు.

అప్పుడు చూశాం, బాట మీద సైకిలు పట్టుకుని ఒకతను నిలబడి ఉన్నాడు. కట్టె గుత్తేదారు మనిషి లింగం. అడవిలో చాలా దూరానికి గానుగ చప్పుడు వినబడితే, ఇక్కడ గానుగ ఎవరు పెట్టారా అని వచ్చానన్నాడు. ఇరుసును చూశాడు, ఎద్దును చూశాడు, పెద్దరాములును చూశాడు.

"ఈ ఒర్లుడు గూడ యంత్రంలదేనా?" అని అడిగాడు.

"లేదు, అది మాది," అన్నాడు పెద్దరాములు.

మొద్దును బండికి ఎక్కించి ఇల్లు చేర్చడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. సంగప్ప ఇంటి ముందు దాన్ని దించాం. కర్దనూర్ నుంచి వడ్రంగి వచ్చి, చుట్టూ తిరిగి, గోటితో గీకి, వాసన చూసి, రోలు తొలచడం ఉగాదికి కాని పూర్తికాదన్నాడు. మొద్దు మంచిదే. తొందరపడితే ఇదీ చీలుతుంది.

ఉగాది అంటే కుసుమలు ఇళ్లకు వచ్చేసిన తర్వాత. ఆ లెక్క సంగప్ప, బక్కమ్మ ఇద్దరూ పైకి అనకుండా వేసుకున్నారు.

శివరాత్రికి రెండు రోజుల ముందు, పొద్దు గూకే వేళకు లింగం మళ్లీ వచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టారు. బక్కమ్మ చాయ్ ఇచ్చింది. నేను రేపటి పాఠాల కోసం పలకలు తుడిపించి అప్పుడే అటు వచ్చాను.

"మా సేఠ్ మిమ్ములను, ఎద్దును అడవికి రమ్మంటున్నడు," అన్నాడు లింగం. "ఒర్రెలల్ల శాన కట్టె పడ్డది. ఎద్దుకు ఉలవలు, మీకు బియ్యం. అక్కడనే గుడిసె ఏపిస్తం."

"ఉగాది దాక అయితె వస్త," అన్నాడు సంగప్ప. "రోలు తయ్యారైనంక రాను."

"సగం పనికి సేఠ్ ఒప్పుకోడు. వానలు పడేదాక ఉండాలె. ఆలోచన చెయ్యన్నా. నువ్వు వచ్చేసరికి ఊరోళ్లంత మిల్లుకు పోవుడు మరిగి ఉంటరు. అప్పుడు ఆ రోలుతోని ఏం జేస్తవు? నీళ్లు పోసి ఎద్దుకు తాపుతవా?"

లింగం చెడ్డవాడు కాదు. ఉన్నమాటే అన్నాడు. సంగప్ప మొద్దు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. బక్కమ్మ గడపలో నిలబడి గాజులు వెనక్కి ముందుకు జరుపుకుంటోంది. అవునంటాడని నేను అనుకున్నాను. ఆయన స్థానంలో నేనైనా అనేవాణ్ని.

"ఎన్నడు రావాలె?" అని అడిగాడు సంగప్ప.

లింగం నోరు తెరిచేలోగా పెద్దరాములు వచ్చాడు. నెత్తిన ఒక గోనె. ఎవరినీ పలకరించలేదు. నేరుగా అరుగెక్కి, గోనెను గోడవారగా దించి, దాని మూతి కట్టు సరిచూసుకున్నాడు.

"ఏంది మామా ఇది?" అన్నాడు సంగప్ప.

"కుసుమలు. కండ్లు కనబడ్తలేవా?"

"గానుగ లేదు గద."

"గానుగ ఎవడడిగిండు? జాగ అడుగుతున్న. మా ఇంట్ల ఎలుకలున్నయి."

మా వైపు ఒక పద్ధతి ఉంది. గానుగ ఇంట్లో ఒకసారి దించిన గింజలు నూనె అయ్యాకే బయటికి వెళ్లాలి. గింజలుగా తిరిగి తీసుకుపోతే ఆ ఇంటికి మంచిది కాదంటారు. గింజలు దించినవాళ్లు గానుగ ఇంటికి తవ్వెడు జొన్నలు పెట్టడం కూడా పద్ధతే. పెద్దరాములు జేబు రుమాలులో మూట కట్టుకొచ్చిన జొన్నలు బక్కమ్మ చేతికిచ్చి, లింగం పక్కన కూర్చుని, "చాయ్ ఉన్నదా?" అన్నాడు. ఆ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

చాయ్ వచ్చేలోగా ఎదురింటి మొగులమ్మ గంపతో వచ్చింది. "మా ఇంట్ల గూడ ఎలుకలున్నయి పో," అంది. ఆమె వెనక ఆమె తోడికోడలు. ఆ తర్వాత సందు చివరి ఇల్లు. కుసుమలు ఇంకా చేనులోనే ఉన్నవాళ్లు గింజలు వచ్చాక ఇక్కడే దించుతామని చెప్పి, జొన్నలు మాత్రం ముందే ఇచ్చిపోయారు. దీపాలు పెట్టే వేళకు మా ఊళ్లో ఎలుకలు లేని ఇల్లు ఒక్కటి కూడా మిగలలేదు. అరుగు నిండింది. లింగం లేచి నిలబడి, తను కూర్చున్న చోటు ఇంకో గంపకు ఇచ్చాడు.

"మరి సేఠ్‌కు ఏం చెప్పాలె?" అన్నాడు.

సంగప్ప గోనెల వైపు చూస్తూ ఉండిపోయాడు. వంగి, ఒక గోనె మూతి బిగించి కట్టాడు.

"పని దొరికిందని చెప్పు," అంది బక్కమ్మ.

"ఏం పని?"

"ఎలుకలను కాసే పని."

లింగం తల ఊపి, సైకిలు తీసుకుని వెళ్లాడు. పెద్దరాములు అతన్ని సాగనంపే నెపంతో సందు చివరిదాకా వెళ్లి, వెనక్కి నడిచే ఎడ్ల గురించి అతనికి ఏదో చెబుతున్నాడు, తప్పు ఎడ్లదే అన్న ధోరణిలో. బక్కమ్మ జొన్నలను కుండలోకి పోసి మూత పెట్టింది. నాకు రొట్టె, ఉల్లిగడ్డ ఆకులో చుట్టి ఇచ్చింది. రాత్రి తిండి ఆ ఏర్పాటులో లేదు. తీసుకున్నాను.

ఇంటికి బయలుదేరుతూ కొట్టం ముందు నుంచి వెళ్లాను. సంగప్ప లోపల ఉన్నాడు. ఎద్దు పడుకుని నెమరు వేస్తోంది. ఆయన గడ్డి దాని నోటికి అందేలా ఇంకొంచెం జరిపాడు. గోనెపట్టా దాని వీపు మీద సరిగా కప్పాడు. సంత మాట ఎక్కడా రాకుండా, రేపు పొద్దున ఎండకు కట్టేస్తానని దానితో అన్నాడు. ఇవతలికి వచ్చి, తలుపు రెక్కను రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా మెల్లగా దగ్గరికి వేశాడు.